పెద్ద కుక్కా, చిన్న కుక్కా: తెచ్చుకునే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

"మాది ఫ్లాటు, చిన్న కుక్క చాలు." "మాకు కాంపౌండు ఉంది, పెద్దదే తెచ్చుకుందాం." కుక్కను పెంచుకుందామనుకునే చాలా ఇళ్ళలో ఆలోచన ఇంతటితో అయిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో మీరూ చూసే ఉంటారు. రోజంతా బాల్కనీలో గొలుసుకు కట్టేసి ఉన్న బీగిల్, నడక లేక ఒళ్ళు పెరిగిపోయి నాలుగు మెట్లెక్కితే రొప్పే పగ్, గేటు లోపల అటూ ఇటూ తిరిగి తిరిగి ఎవరొచ్చినా మీద పడే జర్మన్ షెపర్డ్. చదరపు అడుగులు చూసి తెచ్చుకున్న కుక్కలే ఇవన్నీ.

ఇంటి కొలతల కంటే ముందు ఇంట్లో మనుషుల్ని చూసుకోవాలని నా గట్టి నమ్మకం. ఎవరికి ఎంత తీరిక ఉంది, ఎవరి చేతిలో ఎంత బలం ఉంది, నెలనెలా ఎంత ఖర్చు పెట్టగలరు, రాబోయే పదేళ్ళలో ఆ ఇంట్లో ఏమేం మారబోతున్నాయి. ఇవి తేలితే కుక్క సైజు దానంతట అదే తేలుతుంది. ఒక్కో సంగతీ కింద చెప్పిన వరసలో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. కుక్కపిల్లను చూడ్డానికి వెళ్ళేది ఆ తర్వాతే.

1. గొలుసు పట్టుకునే చెయ్యి ఎవరిది?

పిల్లలు అడిగారని కుక్కను తెస్తారు. నెల తిరిగేసరికి దాన్ని బయటికి తీసుకెళ్ళే పని అమ్మ మీదో, తాతయ్య మీదో పడుతుంది. కాబట్టి కుక్క కావాలని అడిగినవాళ్ళను వదిలేసి, రోజూ పొద్దున్న ఇంట్లో ఉండి దాన్ని తిప్పేదెవరో చూడండి. సైజు వాళ్ళను బట్టే ఉండాలి.

ఎదిగిన మగ లాబ్రడార్ 29 నుంచి 36 కిలోలు ఉంటుంది. మగ జర్మన్ షెపర్డ్ 30 నుంచి 40. రాట్‌వైలర్ యాభై దాటుతుంది. పాల ప్యాకెట్ల దుకాణం దగ్గర పిల్లి అడ్డంగా పరిగెత్తిందంటే ఆ బరువంతా ఒక్క ఊపులో గొలుసు మీద పడుతుంది. అప్పుడు ఆ కొసన అరవై ఐదేళ్ళ పెద్దాయన ఉంటే మణికట్టో తుంటో విరుగుతుంది. లాబ్రడార్ ఎంత మంచి కుక్కైనా సరే, ఈ ప్రమాదం పోదు.

ఇంట్లోనే చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. 25 కిలోల బియ్యం బస్తా ఎత్తుకుని మీ అంతస్తు నుంచి కిందికి మెట్ల మీద దిగి చూడండి. కుక్కకు జబ్బు చేసిన రాత్రి లిఫ్టు పనిచేయకపోతే మీరు చేయాల్సింది అదే. అదీ కదలని బస్తాతో కాదు, నొప్పితో గిలగిల్లాడే ప్రాణంతో. ముసలితనంలో తుంటి కీళ్ళు అరిగి, మెట్లు దిగలేని లాబ్రడార్‌ను రోజుకు మూడుసార్లు ఒంటేలుకు దించాలి. ఇద్దరు మనుషులున్న ఇంట్లో ఇది కుదురుతుంది. ఒంటరిగా ఉండేవాళ్ళు పదిహేను కిలోలు దాటని కుక్కనే చూసుకుంటే మేలు.

ఇంట్లో చంటిపిల్లలుంటే చిన్న కుక్కే మంచిదని చాలామంది అనుకుంటారు. నేనైతే అలా చెప్పను. రెండు మూడు కిలోల పామరేనియన్‌నో చివావానో నాలుగేళ్ళ పిల్లాడు ఎత్తుకుని జారవిడిస్తే దాని ముందుకాళ్ళ ఎముకలు పుటుక్కున విరుగుతాయి. బొమ్మలంత చిన్న జాతుల్లో ఇది తరచుగా చూసే దెబ్బే. నొప్పి పుడితే కరుస్తుంది కూడా. అటు పెద్ద కుక్క సంతోషం పట్టలేక తోక ఊపుతూ వచ్చి పసివాణ్ణి పడదోస్తుంది. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి పది నుంచి ఇరవై కిలోల మధ్య ఉండే కుక్క సరిపోతుంది. ఏ సైజుదైనా సరే, పిల్లలతో దాన్ని ఒంటరిగా వదలకండి.

2. మే నెలను తలుచుకుని మీ రోజును కాగితం మీద రాయండి

పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఇంట్లో ఎవరు ఏ టైముకు ఎక్కడుంటారో రాయండి. అందులో కుక్కకు మిగిలే సమయం కనబడుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బీగిల్ లాంటి వాటికి రోజుకు గంటకు తగ్గకుండా నడక, పరుగు కావాలి. బీగిల్ పది పదకొండు కిలోలే ఉంటుంది. కానీ వాసన పట్టుకుని కుందేళ్ళను తరమడానికి పెంచిన జాతి అది. దాన్ని ఇంట్లో కూర్చోబెడితే చెప్పులు, సోఫా, తలుపు చెక్క ఏదీ మిగల్చదు. అదే గ్రేట్ డేన్ మనిషి నడుము దాటిన ఎత్తుండి కూడా రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. అంటే చిన్న కుక్కకు తక్కువ నడక, పెద్ద కుక్కకు ఎక్కువ నడక అన్న లెక్క ప్రతిసారీ నిలవదు. ఆ జాతిని ఏ పనికి పెంచారో కనుక్కోండి, దాని అవసరం తెలిసిపోతుంది.

మన దగ్గర అన్నిటికంటే పెద్ద సమస్య ఎండ. రెంటచింతలలో, రామగుండంలో ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. విజయవాడలో ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే అది ఒంటి వేడి దించుకునే దారి. పగ్, షిట్జూ, బుల్‌డాగ్, బాక్సర్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, గొంతులో మెత్తటి కండ అడ్డుపడుతుంది. ఏప్రిల్‌లో పగ్‌ను దగ్గర్నుంచి చూడండి. నీడలో ఊరికే పడుకున్నా గురగురమంటూ ఉంటుంది, నాలుక కొస చెంచాలా వెడల్పవుతుంది. కొంచెం ఉత్సాహపడి గంతులేస్తే ఆ గురక గరగరగా మారుతుంది. చిగుళ్ళు నీలం తిరిగాయంటే ప్రాణం మీదికొచ్చినట్టే. చల్లటి నీళ్ళు ఒంటి మీద పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. చిన్న కుక్క కదా, సుఖంగా పెరుగుతుందని ఏసీ లేని ఇంటికి పగ్‌ను తేవడం దాన్ని హింసపెట్టడమే.

సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మంచులో బతకడానికి పెరిగిన రెండు పొరల బొచ్చు వాటిది. గొరిగించేస్తే చల్లగా ఉంటుందనుకుంటారు గానీ, దానివల్ల చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది, బొచ్చు మళ్ళీ సరిగా రాకపోవచ్చు కూడా. తెలుగు నేల మీద ఈ రెండు జాతుల్నీ తెచ్చుకోవద్దనే నా మాట. రోజంతా ఏసీ పెట్టగలవాళ్ళకైనా ఇదే చెబుతాను. కుక్క అన్నాక బయట తిరగాలి కదా.

ఏ కుక్కకైనా ఎండాకాలంలో నడక పొద్దున్న ఆరున్నర లోపు, సాయంత్రం ఏడు దాటాక. బయల్దేరే ముందు అరచేతి వెనకభాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. పొట్టి కాళ్ళ కుక్కలకు పొట్ట కూడా నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి వేడి మరింత కొడుతుంది. మీ రోజులో ఈ రెండు వేళలూ ఖాళీ లేకపోతే ఇప్పుడు ఏ కుక్కా వద్దు.

3. డబ్బు లెక్క వేయండి

పిల్ల కొనే ధర ఒక్కసారితో పోతుంది. నెలనెలా అయ్యేది చూడాలి. మామూలుగా తిరిగే 30 కిలోల లాబ్రడార్‌కు రోజుకు సుమారు 1,400 కేలరీలు కావాలి. 8 కిలోల పగ్‌కు 530 దాకా. బజార్లో దొరికే ఎండు తిండిలో ఇది లాబ్రడార్‌కు 400 గ్రాములు, పగ్‌కు 150 గ్రాములు అవుతుంది. నెలకు ఒకదానికి 12 కిలోలు, రెండోదానికి నాలుగున్నర. మీరు కొనే రకం కిలో ధరతో గుణించండి. ఇంట్లో వండిపెట్టినా ఇదే నిష్పత్తి. అన్నం, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కూరగాయలు పెడితే సరిపోతుందేమో డాక్టరును అడిగి కొలత రాయించుకోండి. ఒట్టి పెరుగన్నంతో పెంచితే ఏ సైజు కుక్కకూ మాంసకృత్తులు చాలవు.

మందుల్లో తేడా ఇంకా ఎక్కువ. రేబిస్ టీకా మూడు కిలోల కుక్కకైనా, నలభై కిలోల కుక్కకైనా ఒకటే మోతాదు. కానీ నులిపురుగుల మాత్రలు చాలావరకు పది కిలోలకు ఒకటి చొప్పున వేస్తారు. లాబ్రడార్‌కు మూడు మాత్రలు పడితే పామరేనియన్‌కు అందులో ముక్క చాలు. పిడుదులు పట్టకుండా ఇచ్చే మాత్రలు కూడా బరువును బట్టే అమ్ముతారు, బరువు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం మామూలైపోయింది కాబట్టి ఈ ఖర్చు తప్పించుకునేది కాదు. ఆ జ్వరం వస్తే నాలుగు వారాల దాకా మాత్రలు వేయాలి, అదీ బరువు లెక్కనే. ఆపరేషన్‌కు మత్తుమందు, సెలైన్ అన్నిటికీ ఇదే తీరు. ఊరెళ్ళినప్పుడు కుక్కల హాస్టల్లో వదిలితే అక్కడా పెద్దదానికి ఎక్కువ తీసుకునేవాళ్ళే ఎక్కువ.

అలాగని చిన్నదంటే చవకని అనుకోవద్దు. షిట్జూ, లాసా ఆప్సో లాంటి వాటికి బొచ్చు ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి. వదిలేస్తే బొచ్చు ఉండలు కట్టి, కింద చర్మం పాచిపోయి, పిడుదులకు అది ఇల్లవుతుంది. చిన్న నోట్లో పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుని ఉండటం వల్ల గార పట్టి త్వరగా ఊడిపోతాయి. మోకాలి చిప్ప జారడం, గొంతు గొట్టం మెత్తబడి ఆగని దగ్గు రావడం చిన్న జాతుల జబ్బులు. డాక్స్‌హుండ్‌కు నడుము పొడుగు, వెన్నుపూసల మధ్య మెత్త జారితే వెనకకాళ్ళు పడిపోతాయి. పెద్ద జాతులకు తుంటి, మోచేతి కీళ్ళ జబ్బులు. లోతైన ఛాతీ ఉన్న గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటికి కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంటుంది. పొట్ట డప్పులా బిగిసి, వాంతి కోసం డోకుతున్నా ఏమీ బయటికి రాకపోతే పొద్దున చూద్దామని ఆగకండి. ఆ కుక్కకు ఉన్నవి కొన్ని గంటలే. అందుకే పెద్ద కుక్కను తెచ్చుకునేవాళ్ళు రాత్రిపూట తెరిచి ఉండే, కుక్కలకు ఆపరేషన్ చేయగల ఆస్పత్రి మీ ఊళ్ళో ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. మండల కేంద్రంలోని పశువైద్యశాలలో అన్నిసార్లూ అది దొరకదు.

4. ఏళ్ళ లెక్క

చిన్న జాతులు 12 నుంచి 16 ఏళ్ళు బతుకుతాయి. లాబ్రడార్ పది పన్నెండేళ్ళు. గ్రేట్ డేన్ ఏడు నుంచి పది. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి అడిగిందని పామరేనియన్‌ను తెస్తే, ఆ పిల్ల ఇంజినీరింగు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అయ్యేదాకా అది మీ ఇంట్లోనే ఉంటుంది. దాని ముసలితనం, మీ ముసలితనం కలిసి వస్తాయి. బదిలీల ఉద్యోగమైనా, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరేసి నెలలు ఉండొచ్చే ఆలోచన ఉన్నా, కుక్కను ఎవరి దగ్గర ఉంచుతారో ఇప్పుడే వాళ్ళను అడిగి ఒప్పించుకోండి. చిన్న కుక్కనైతే చెల్లెలో, బావమరిదో ఉంచుకుంటారు. నలభై కిలోల కుక్కను ఉంచుకోమంటే చుట్టాలెవరూ ముందుకు రారు.

పండగ ప్రయాణాలు కూడా ఇక్కడే ఆలోచించండి. కొన్ని విమానాల్లో చిన్న కుక్కను సంచీలో పెట్టుకుని సీటు దగ్గరికి తీసుకెళ్ళనిస్తారు, సంచీతో కలిపి బరువుకు హద్దుంటుంది. పెద్దది సరుకుల అరలో వెళ్ళాల్సిందే. చప్పిడి ముక్కు కుక్కలను చాలా విమాన సంస్థలు ఆ అరలోకి తీసుకోవు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే గానీ, క్యాబిన్ గానీ మొత్తం మీ పేర బుక్ అయితేనే కుక్క మీతో ఉంటుంది. లేకపోతే గార్డు బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో ప్రయాణించాలి. సంక్రాంతికి ఏటా హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు వెళ్ళేవాళ్ళకు సొంత కారు లేకపోతే పెద్ద కుక్కతో చాలా కష్టం.

5. ఇల్లు, ఇరుగుపొరుగు

ఇంటి వైశాల్యం కంటే నేల ముఖ్యం. మన ఫ్లాట్లలో నున్నటి టైల్సు, గ్రానైటు. పెరిగే వయసులో పెద్ద జాతి పిల్ల వాటి మీద జారుతూ పరిగెడితే తుంటి కీళ్ళకు దెబ్బ. అది తిరిగే దారిలో గోనెపట్టాలో రబ్బరు చాపలో పరవాలి. చిన్న కుక్కకు బాల్కనీ గ్రిల్లు చూడండి. కమ్మీల మధ్య దాని తల దూరిందంటే ఒళ్ళంతా దూరుతుంది. కింది రెండడుగుల మేర వల కట్టాకే ఇంట్లోకి తీసుకురండి.

మొరుగుడులో చిన్నవి తక్కువేం కాదు. పామరేనియన్‌కు లిఫ్టు తలుపు చప్పుడైనా మొరగాలి. కాపలా కోసమే అయితే ఆ గొంతు చాలు, దొంగకు కావాల్సింది నిశ్శబ్దమే కదా. మీద పడి కరిచే కుక్క కావాలనుకునేవాళ్ళు చట్టం కూడా తెలుసుకోండి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త తీసుకోని యజమానికి 6 నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వైలర్‌తో సహా 23 రకాల కుక్కల పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టులు ఏమన్నా, మొదటిసారి కుక్కను పెంచేవాళ్ళు ఈ రెండు జాతుల జోలికి వెళ్ళకూడదు. వాటిని అదుపులో పెట్టడం అనుభవమున్నవాళ్ళు చేయాల్సిన పని.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ "చిన్న కుక్కలకే అనుమతి" అని నోటీసు పెడితే కంగారుపడకండి. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సైజును బట్టి ఒక కుక్కను ఒప్పుకుని మరోదాన్ని వద్దనే అధికారం అసోసియేషన్లకు లేదు, లిఫ్టు వాడొద్దని అనడానికీ లేదు. అయినా మీరు ఉండేది ఆ మనుషుల మధ్యే. పక్క ఫ్లాటు మామ్మగారికి కుక్కంటే భయమైతే ఆమె దిగాక లిఫ్టెక్కండి, మీ కుక్క వేసిన మలాన్ని మీరే ఎత్తండి. గొడవలు సగం ఈ రెండింటితోనే పోతాయి. అద్దె ఇల్లయితే మాత్రం ఇల్లుగలవాళ్ళతో ముందే చెప్పి, అగ్రిమెంటులో రాయించుకోండి.

6. పిల్లను కాదు, ఎదిగిన కుక్కను చూసి రండి

రెండు నెలల వయసులో అన్నీ ముద్దుగానే ఉంటాయి. ఐదు కిలోల లాబ్రడార్ పిల్ల ఆరు నెలలు నిండేసరికి ఇరవై కిలోల దరిదాపులకు వస్తుంది, బుద్ధి మాత్రం ఇంకా పిల్లదే. కాబట్టి మీరు అనుకున్న జాతి ఎదిగిన కుక్క ఉన్న ఇంటికి వెళ్ళి రెండు గంటలు కూర్చోండి. దాని చొంగ, ఊడే బొచ్చు, వాసన, అతిథులు వచ్చినప్పుడు అది చేసే హడావుడి అన్నీ చూడండి. వీలైతే పొద్దున్నే వెళ్ళి, గొలుసు మీరే పట్టుకుని వీధి చివరిదాకా తిప్పండి. ఇంట్లో రోజూ ఆ పని చేయబోయేవాళ్ళ చేతా తిప్పించండి. పది వీడియోలు చూసినదానికంటే ఆ కాసేపట్లో ఎక్కువ తెలుస్తుంది.

కొనేటట్టయితే పిల్ల తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. "టీకప్ పామరేనియన్", "మినీ షిట్జూ" అంటూ ఇంకా చిన్నదానికి ఇంకా ఎక్కువ ధర చెప్పేవాళ్ళను నమ్మొద్దు. అంత చిన్న పిల్లలకు ఒక పూట తిండి ఆలస్యమైనా ఒంట్లో చక్కెర పడిపోయి తూలిపోతాయి. మన ఊళ్ళలో తరతరాలుగా పామరేనియన్ అని పిలుచుకునేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలు. అసలు పామరేనియన్ కంటే పెద్దవి, మన వాతావరణానికి అలవాటుపడినవి. అందులో నామోషీ ఏమీ లేదు, నిజానికి ఫ్లాటుకు అదే మంచిది.

7. మధ్య సైజును మర్చిపోకండి

పెద్దదా చిన్నదా అని తర్జనభర్జన పడే ఇళ్ళకు నేను ముందుగా చెప్పేది నాటు కుక్క గురించే. ఎదిగితే సుమారు పదిహేను నుంచి ఇరవై కిలోలు. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, ఎండకు తట్టుకునే ఒళ్ళు. తుంటి జబ్బులు, ఊపిరి అందని బాధలు వీటిలో తక్కువ. ముసలివాళ్ళు ఆపగలరు, పిల్లలతో ఆడితే నలిగిపోదు, కాపలాకు దీన్ని మించింది లేదు. రోడ్డు మీద పుట్టినదైనా పిల్లగా ఉన్నప్పుడే ఇంటికొస్తే మనుషులతో ఎంత చనువుగా ఉంటుందో పెంచినవాళ్ళకు తెలుసు. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్ లాంటి సంస్థల దగ్గర ఇలాంటి పిల్లల్ని దత్తత ఇస్తారు. పరాయి మనుషులంటే వీటికి కాస్త అనుమానం ఎక్కువ. నాలుగు నెలల లోపే రకరకాల మనుషులను, చప్పుళ్ళను, బండ్లను పరిచయం చేయాలి.

మన సొంత జాతి కూడా ఒకటుంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెరిగిన జోనంగి. నున్నటి పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. బాతుల మందలను తోలడానికి వాడేవారు. మామూలు కుక్కలా మొరగదు, గొంతు తిప్పుతూ కూతలాంటి శబ్దం చేస్తుంది. గుంట తవ్వుకుని అందులో పడుకోవడం దీని అలవాటు, అందుకే మట్టి లేని ఫ్లాటులో దీన్ని పెట్టడం అన్యాయం. తోటో, పెరడో ఉండి, తిప్పడానికి ఓపిక ఉన్నవాళ్ళు వెతికి తెచ్చుకుంటే కనుమరుగైపోతున్న జాతికి ఊపిరి పోసినవాళ్ళవుతారు. రాజపాళయం, ముధోల్, చిప్పిపారై కుక్కలు కూడా ఎండకు తగినవే. అయితే అవి పరుగు కుక్కలు, మామిడితోటలో బతికినంత హాయిగా మూడో అంతస్తులో బతకలేవు.

8. తెచ్చాక మొదటి ఏడాది

పెద్ద జాతి పిల్లకు కాళ్ళు గట్టిపడతాయని కాల్షియం టానిక్కు తాగించే అలవాటు మన దగ్గర విపరీతంగా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. చిన్న వయసులో పిల్ల పేగులకు అదనపు కాల్షియాన్ని ఆపే శక్తి ఉండదు, ఎముకలు వంకరపోవడానికి అదే కారణమవుతుంది. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన తిండి పెడితే చాలు, డాక్టరు పరీక్ష చేసి చెబితే తప్ప మరేదీ కలపొద్దు. త్వరగా లావెక్కించాలని కూడా చూడొద్దు. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి. ఏడాది దాటి ఎదుగుదల పూర్తయ్యేదాకా మెట్లు పరిగెత్తించడం, బైకు వెంట పరిగెత్తించడం వద్దు.

చిన్న జాతి పిల్లకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. మెడ పట్టీ బదులు ఛాతీకి వేసే పట్టీ వాడండి, గొంతు గొట్టం మీద ఒత్తిడి పడదు. మంచం మీద నుంచి దూకనివ్వకుండా పక్కన చిన్న పీట వేయండి. రోజూ మెత్తటి బ్రష్షుతో, కుక్కల పేస్టుతో పళ్ళు తోమడం ఇప్పటినుంచే అలవాటు చేయాలి. మన పేస్టు వాడకూడదు. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ ఏ కుక్కకైనా విషమే, చిన్నదానికి కొద్దిగా తిన్నా ప్రమాదం.

మర్యాద నేర్పడంలో మాత్రం రెండింటికీ తేడా చూపించొద్దు. చిన్నది మీదికెక్కి చెయ్యి కొరికితే "చిన్నదే కదండీ, ఏం చేస్తుంది" అని నవ్వుతారు. అదే పని లాబ్రడార్ చేస్తే కేకలేస్తారు. అలా వదిలేసినందుకే కొన్ని చిన్న కుక్కలు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ మడమా పట్టుకుంటాయి. రేబిస్ ప్రమాదం పంటి సైజును బట్టి ఉండదు. కూర్చో, ఆగు, వదిలెయ్ అనే మూడు మాటలు మొదటి నెలలోనే నేర్పండి. చెప్పినట్టు చేసిన ప్రతిసారీ చిన్న ముక్క తినిపించండి, కొట్టొద్దు.

ఇంటికి తెచ్చిన మూడు రోజుల్లో డాక్టరుకు చూపించండి. పార్వో, డిస్టెంపర్ అనే అంటురోగాలకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి, రేబిస్ టీకా మూడో నెలలో. ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, చిన్నదానికైనా పెద్దదానికైనా. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చిన్న జాతులకు ఆరు నెలల ప్రాంతంలో చేయించొచ్చు. పెద్ద జాతి మగకుక్కకు ఎముకల ఎదుగుదల ఆగేదాకా, అంటే తొమ్మిది నుంచి పదిహేను నెలల దాకా ఆగమంటారు. ఆడకుక్కకు ఎప్పుడన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. హైదరాబాద్ లాంటి నగరాల్లో పెంపుడు కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు తీసుకోవాలి. దానికి రేబిస్ టీకా వేయించిన కాగితం అడుగుతారు కాబట్టి, డాక్టరు సంతకం, తేదీ కనబడేలా ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి.